కాలు కదల్లేదు... బండి మాత్రం ఊగుతోంది

మార్చి నెలలో ఒక పొద్దున. మా ఇల్లు మంగఫ్‌లో, పాప స్కూలు సాల్మియాలో. ఆరుంబావుకి 30వ నంబరు రోడ్డెక్కి వంద దగ్గర స్పీడు నిలబెట్టానంటే అరగంటలోపు స్కూలు గేటు ముందుంటాం. రోజూ చేసే ప్రయాణమే. ఆ రోజు మాత్రం యాక్సిలరేటర్ మీద పెట్టిన కాలు పెట్టినట్టే ఉంది గానీ, బండిని ఎవరో వెనక నుంచి నెట్టినట్టు కాస్త ముందుకు పోయింది. వెంటనే పట్టి లాగినట్టు తగ్గింది. మళ్లీ ముందుకు, మళ్లీ వెనక్కి. స్పీడ్ మీటరు ముల్లు 97కీ 103కీ మధ్య ఊగుతోంది. అద్దంలో చూస్తే వెనకే కంపెనీ బస్సు. వెనక సీట్లోంచి పాప, "అమ్మా, ఉయ్యాల ఊపుతున్నావా?" అంది.

సాయంత్రం మా వారు డ్యూటీ నుంచి వచ్చి, బండిని మా వీధుల్లో రెండు చుట్లు తిప్పి తెచ్చారు. "బాగానే ఉందిగా. నీ కాలే కుదురుగా ఉండట్లేదేమో" అన్నారు.

ఈ మాట మీలో చాలామంది విని ఉంటారు. నేనూ నాలుగు రోజులు నిజమేనేమో అనుకున్నాను. ఐదో రోజు ఊపు ఇంకా పెరిగింది. అప్పుడు వెళ్లిన మొదటి గ్యారేజీలో బానెట్ ఎత్తి, ఇంజన్ ఆన్ చేసి, రెండు నిమిషాలు విని, "గేర్‌బాక్స్ పోయింది మేడమ్, 350 దినార్లు" అన్నారు. అది మా ఇంటి అద్దె కంటే ఎక్కువ. బండి వయసేమో పదహారేళ్లు. అంత డబ్బు పెట్టాలా, బండే అమ్మేయాలా అని ఇంట్లో రెండు రోజులు చర్చ. అమ్మేస్తే పాపని స్కూలుకి తీసుకెళ్లడం ఎలా అన్నది ఇంకో చర్చ.

చివరికి తేలిందేమిటంటే, పోయింది 11 దినార్ల రబ్బరు గొట్టం. అది తేలేలోపు నేను నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. పాత బండి నడుపుతున్న అక్కచెల్లెళ్లు ఏ దేశంలో ఉన్నా పనికొస్తాయి.

ఈ ఊపు ఎందుకు వస్తుంది?

పొలాల్లో బావి దగ్గర ఆయిల్ ఇంజన్ చూసిన వాళ్లకి ఇది కొత్త కాదు. డీజిల్ అయిపోవస్తున్నప్పుడో, పైపులో గాలి చేరినప్పుడో దాని చప్పుడు ఒక్కసారి పెరిగి, తగ్గి, మళ్లీ పెరుగుతుంది. ఇంజన్ వేగాన్ని నిలకడగా ఉంచాల్సిన గవర్నర్ తగ్గిందని పెంచుతుంది, ఎక్కువైందని తగ్గిస్తుంది, ఈ రెండింటి మధ్య నిలదొక్కుకోలేదు. మెకానిక్‌లు దీన్ని "హంటింగ్" అంటారు. ఆవిరి ఇంజన్ల కాలం నుంచీ ఉన్న తలనొప్పి ఇది. మాక్స్‌వెల్ అనే శాస్త్రవేత్త 1868లో గవర్నర్ల గురించే ప్రత్యేకంగా ఒక పరిశోధన పత్రం రాశాడు.

మన పెట్రోల్ కారులో ఆ గవర్నర్ పని కంప్యూటర్ చేస్తుంది. లోపలికి ఎంత గాలి వస్తోందో ఒక సెన్సర్ కొలుస్తుంది. దాన్ని బట్టి కంప్యూటర్ పెట్రోల్ చిమ్మిస్తుంది. ఒక గ్రాము పెట్రోల్‌కి సుమారు 14.7 గ్రాముల గాలి సరైన పాళ్లు. కాలిన పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో సైలెన్సర్ గొట్టంలో ఉన్న ఇంకో సెన్సర్ చెబుతుంది, దాన్ని బట్టి కంప్యూటర్ పెట్రోల్‌ని మళ్లీ సవరిస్తుంది. ఇడ్లీ పిండిలో నీళ్లు చూసుకుంటూ కలిపినట్టు, క్షణక్షణం సవరింపే.

ఈ లెక్కలో లేని గాలి ఎక్కడి నుంచో దూరినా, పెట్రోల్ చాలినంత రాకపోయినా మిశ్రమం పలచబడుతుంది. మంట బలహీనమై ఇంజన్ తగ్గుతుంది. కంప్యూటర్ పెట్రోల్ పెంచుతుంది, ఇంజన్ అందుకుంటుంది, మళ్లీ తగ్గుతుంది. మనకి తెలిసే ఊపు అదే.

మరి నిలకడ స్పీడులోనే ఎందుకు? గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కంప్యూటర్ కావాలనే పెట్రోల్ ఎక్కువ పంపుతుంది, కాబట్టి చిన్న లోపం కప్పబడిపోతుంది. సిగ్నళ్ల మధ్య ఆగుతూ పోతుంటే ఊపు తెలిసేంత వ్యవధే ఉండదు. హైవే మీద సన్నగా, ఒకే తీరున కాలు పెట్టి పది నిమిషాలు నడిపినప్పుడే అది బయటపడుతుంది. మా వారికి మా వీధిలో ఏమీ కనిపించకపోవడానికి కారణం ఇదే.

మెకానిక్ దగ్గరికి వెళ్లే ముందు

మా బిల్డింగ్‌లో రాజంపేట అన్న ఒకాయన ఉన్నారు. పదిహేనేళ్లుగా ఇక్కడ హౌస్ డ్రైవర్. నా గోడు విని, "అక్కా, బండి యాడ ఊగుతాందో, ఎప్పుడు ఊగుతాందో ఒక బుక్కులో రాసుకో. ఊరికే ఊగుతాందని చెప్తే ఎవురికీ అర్థం కాదు" అన్నారు. నాకు అందిన అన్ని సలహాల్లో అదే గొప్పది. పాప పాత నోటుబుక్కులో గీతలు గీసుకుని వారం రోజులు రాశాను. నడుపుతూ రాయకూడదు, ఆగాకే. పక్కన ఎవరైనా ఉంటే వాళ్ల చేత రాయించండి. రాయాల్సినవి ఇవి:

స్పీడు ఎంత, ఆర్‌పీఎం ముల్లు ఎక్కడుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడా, బాగా వేడెక్కాకా. ఏసీ వేసి ఉందా. ట్యాంకులో పెట్రోల్ ఎంత. రోడ్డు చదునుగా ఉందా, ఫ్లైఓవర్ ఎక్కుతున్నామా. ఊపుకీ ఊపుకీ మధ్య ఎన్ని సెకన్లు.

దాంతోపాటు కొన్ని చిన్న పరీక్షలు. రోడ్డు ఖాళీగా ఉన్న శుక్రవారం పొద్దున చేయండి.

మొదటిది, రెండు ముళ్లనీ చూడటం. ఆర్‌పీఎం, స్పీడు రెండూ కలిసి పెరిగి తగ్గుతుంటే అనుమానం ఇంజన్ మీదకి వెళుతుంది. స్పీడు దాదాపు అలాగే ఉండి ఆర్‌పీఎం మాత్రం రెండు మూడు వందలు ఎగిరి పడుతుంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ని అనుమానించాలి. హైవే స్పీడులో ఇంజన్‌నీ గేర్‌బాక్స్‌నీ గట్టిగా కలిపి పట్టే ఒక క్లచ్ లోపల ఉంటుంది. అది పట్టుకుంటూ వదులుతూ ఉంటే అలా జరుగుతుంది.

రెండోది, గేర్ రాడ్ దగ్గర ఓవర్‌డ్రైవ్ బటన్ ఉన్న పాత బండ్లకి. ఎనభై దగ్గర దాన్ని ఆఫ్ చేసి చూడండి. ఆర్‌పీఎం పెరుగుతుంది, అది మామూలే. ఊపు పూర్తిగా మాయమైతే గేర్‌బాక్స్ వైపు ఒక ఆధారం దొరికినట్టు. పోకపోతే ఇంజన్ వైపు. ఇది ఆధారం మాత్రమే, తీర్పు కాదు.

మూడోది, ఏసీ. ఐదు నిమిషాలు ఆపి నడపండి. ఊపు ఆగిపోతే ఏసీ కంప్రెసర్ మాటిమాటికీ పడుతూ వదులుతూ ఉందేమో చూపించాలి. గ్యాస్ తగ్గినా అలా జరుగుతుంది. కంప్రెసర్ పట్టిన ప్రతిసారీ ఇంజన్ మీద బరువు పడుతుంది.

నాలుగోది, క్రూజ్ కంట్రోల్. ఉంటే ఒకసారి దానితో, ఒకసారి కాలితో నడపండి. క్రూజ్‌లోనే ఊగితే లోపం క్రూజ్‌లో ఉండొచ్చు. రెండింట్లోనూ ఊగితే తప్పు మీ కాలిది కాదు. ఇంట్లో వాదన ముగించడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు. ఊపు బాగా ఎక్కువగా ఉంటే మాత్రం క్రూజ్ వాడొద్దు.

ఐదోది, పెట్రోల్ ముల్లు. ట్యాంకు పావు కంటే తగ్గాకే ఊపు వస్తోందా, నింపితే పోతోందా? అలా అయితే పెట్రోల్ పంపు వైపు చూడాలి.

మా బుక్కులో తేలింది ఇది: 80 నుంచి 110 మధ్య, ఇంజన్ వేడెక్కాక, రెండు ముళ్లూ కలిసి. ఏసీ ఉన్నా లేకున్నా, ట్యాంకు నిండుగా ఉన్నా ఖాళీగా ఉన్నా, ఓవర్‌డ్రైవ్ ఆపినా అంతే. నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ గుండ్రాయిలా ఉంటుంది.

ఇక్కడి ఎండ, ఇక్కడి ఇసుక

కువైట్ ఎండ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. 2016 జులై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. బయట అంత ఉంటే బానెట్ కింద ఎంతుంటుందో ఊహించుకోండి. ఆ వేడికి ముందు పోయేది రబ్బరు. ఇంజన్ చుట్టూ సన్న వాక్యూమ్ గొట్టాలు, ఎయిర్ ఫిల్టర్ నుంచి ఇంజన్‌కి పోయే మడతల గొట్టం ఏళ్ల తరబడి ఉడికి, గట్టిబడి, పగుళ్లు తీస్తాయి. ఆ పగులులోంచి దూరిన గాలి సెన్సర్ లెక్కలోకి రాదు.

తర్వాత దుమ్ము. ఒక్క దుమ్ము తుఫాను చాలు, ఎయిర్ ఫిల్టర్ చాలా వరకు మూసుకుపోవడానికి. ఫిల్టర్ సరిగ్గా అమర్చకపోయినా, నాసిరకందైనా సన్న ధూళి లోపలికి పోయి గాలిని కొలిచే సెన్సర్ తీగ మీద పేరుకుంటుంది. అప్పుడది వచ్చే గాలి కంటే తక్కువ చెబుతుంది, పెట్రోల్ తగ్గుతుంది. ఈ సెన్సర్‌ని దానికోసమే అమ్మే స్ప్రేతో మాత్రమే శుభ్రం చేయాలి. గుడ్డతో తుడవకూడదు, వేలితో తాకకూడదు. లోపలి తీగ వెంట్రుకంత సన్నం.

మూడోది పెట్రోల్ పంపు. చాలా బండ్లలో అది ట్యాంకులోనే మునిగి ఉంటుంది, చుట్టూ ఉన్న పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. ఎప్పుడూ ఎర్రలైటు వెలిగే దాకా నడిపితే పంపు వేడెక్కి ఆయుష్షు తగ్గుతుంది. ఎండాకాలంలో పావు ట్యాంకుకి తగ్గనివ్వకుండా చూసుకోండి.

ఇక పెట్రోల్ రకం. ఇక్కడ 2016 సెప్టెంబరు నుంచి ముమ్తాజ్, అంటే 91 ఆక్టేన్, లీటరు 85 ఫిల్సులు. ఖుసూసి, అంటే 95, లీటరు 105 ఫిల్సులు. "ఖుసూసి కొట్టిస్తే సరిపోతుంది" అని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది. మీ బండి పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే కొట్టించండి. గొట్టం పగిలితే, సెన్సర్ మురికైతే ఏ ఆక్టేనూ బాగు చేయదు.

మెకానిక్ చేయాల్సినవి, వరుస క్రమంలో

రెండో గ్యారేజీ షువైఖ్‌లో. అక్కడి పెద్దాయన నా బుక్కు తీసుకుని మొత్తం చదివించుకున్నారు. తర్వాత చేసిన పనుల వరుస నాకు బాగా నచ్చింది. చౌకవి ముందు, ఖరీదైనవి చివర.

ముందు స్కానర్ పెట్టారు. స్టీరింగ్ కింద ఓబీడీ అనే సాకెట్ ఉంటుంది. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి అన్ని కార్లకీ ఒకే రకం సాకెట్ తప్పనిసరి చేశారు. ఫోనుకి కలిపే చిన్న బ్లూటూత్ అడాప్టర్ మనమూ కొనుక్కోవచ్చు, అయితే కొన్ని పాత గల్ఫ్ మోడళ్లతో అవి పనిచేయవు. నా బండిలో చెక్ ఇంజన్ లైటు వెలగలేదు. అయినా లోపల "పి 0171" అన్న కోడ్ పెండింగ్‌లో ఉంది. మిశ్రమం పలచగా ఉంది అని దాని అర్థం. లైటు వెలగలేదు కాబట్టి బండి బాగుంది అనుకోకూడదని అప్పుడే తెలిసింది.

తర్వాత "ఫ్యూయల్ ట్రిమ్" అనే అంకె చూశారు. కంప్యూటర్ తన లెక్క కంటే ఎంత శాతం పెట్రోల్ కలుపుతోందో, తగ్గిస్తోందో ఆ అంకె చెబుతుంది. సున్నాకి అటూ ఇటూ కొద్దిగా ఉంటే మామూలు. ప్లస్ పది దాటి నిలిచిపోతే మిశ్రమం పలచబడుతోందని గుర్తు. నిలబడి ఉన్నప్పుడు ఎక్కువగా ఉండి, ఆర్‌పీఎం పెంచితే తగ్గిపోతే సాధారణంగా వాక్యూమ్ లీకు. వేగం పెరిగేకొద్దీ ఎక్కువవుతుంటే పెట్రోల్ చాలకపోవడమో, గాలి సెన్సర్ తప్పు చెప్పడమో.

నా బండి నిలబడి ఉంటే మూడు నాలుగు శాతమే చూపించింది. మొదటి గ్యారేజీ వాళ్లు ఇక్కడే ఆగిపోయి ఉంటారు. ఈ పెద్దాయన మాత్రం కుర్రాడిని పక్కన స్కానర్‌తో కూర్చోబెట్టి, నన్నే నడపమని, తాను వెనక కూర్చుని హైవే ఎక్కించారు. ఊపు మొదలైంది. అంకె ఇరవై దాకా వెళ్లింది.

తిరిగొచ్చి మడతల గొట్టం విప్పి చూపించారు. పైకి నల్లగా నిగనిగలాడుతోంది. అడుగున, ఒక మడత లోపల, బొటనవేలంత పొడుగు పగులు. నిలబడి ఉన్నప్పుడు అది మూసుకుని ఉంటుంది. బండి లాగుతున్నప్పుడు ఇంజన్ తన మౌంట్ల మీద కాస్త వంగుతుంది, గొట్టం సాగి పగులు తెరుచుకుంటుంది. కొత్త గొట్టం 11 దినార్లు, మజూరీ ఐదు.

అందరికీ గొట్టమే పోవాలని లేదు. అక్కడ ఏమీ దొరక్కపోతే తర్వాత చూడాల్సినవి: పొగ పంపి సన్న లీకులు వెతకడం, మురికైన థ్రాటిల్ బాడీ, పాత స్పార్క్ ప్లగ్గులూ కాయిల్సూ, గేజీ పెట్టి పెట్రోల్ ప్రెషర్, పెట్రోల్ ఫిల్టర్, ఇంజెక్టర్లు, ఈజీఆర్ వాల్వు, ఆక్సిజన్ సెన్సర్. ఈజీఆర్ వాల్వు కాలిన పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజన్‌లోకి పంపుతుంది. మసి పట్టి మూసుకోకపోతే నిలకడ స్పీడులో ఊపు తెస్తుంది. వీటిలో ఏదైనా పరీక్షించి, ఫలానాది పోయిందని చూపించాకే మార్పించుకోండి. "ముందు ఇది మార్చి చూద్దాం, పోకపోతే అది" అన్నారంటే ఆ ప్రయోగాలకి ఖర్చు మనదే.

ఇంకో మాట. ఇంజన్ నడుస్తుండగా గొట్టాల మీద స్ప్రే కొట్టి లీకు పట్టుకునే వీడియోలు చాలా ఉన్నాయి. ఆ స్ప్రే మండే స్వభావం ఉన్నది. ఇంటి పార్కింగ్‌లో ఆ ప్రయత్నం వద్దు.

గ్యారేజీలో ఏమనాలి?

ఇక్కడ గ్యారేజీల్లో హిందీ నడుస్తుంది. "మిస్సింగ్ కొడుతోంది" అంటే ఒక అర్థం, "జర్క్ ఇస్తోంది" అంటే ఇంకో అర్థం. ఠక్కున ఒక్క దెబ్బలా తగిలితే జర్క్. సిలిండర్ ఒకటి మంట తప్పి ఇంజన్ గరగరలాడితే మిస్సింగ్. మనది ఉయ్యాలలా నిదానంగా వచ్చే ఊపు, అది హంటింగ్. "ఖడీ గాడీ మే నహీ హోతా, సౌ కీ స్పీడ్ పే హోతా హై, పైర్ హిలాయే బినా" అన్న ఒక్క వాక్యం నాకు సగం పని చేసిపెట్టింది. అరబిక్ మాట్లాడేవాళ్లైతే మకీనా అంటే ఇంజన్, బంజీన్ అంటే పెట్రోల్.

మూడు విషయాలు అడగండి: నాతో పాటు హైవే మీద నడిపి చూస్తారా? తీసేసిన పాత పార్టు నాకు చూపిస్తారా? పార్టు ధర వేరుగా, మజూరీ వేరుగా బిల్లు ఇస్తారా? వీటికి విసుక్కునే చోటు నుంచి వచ్చేయడమే మంచిది.

రోడ్డు మీద ఉండగా ఎక్కువైతే

క్రూజ్ ఆపేయండి. ఇండికేటర్ వేసి నిదానంగా కుడి లేన్‌లోకి రండి, తర్వాతి ఎగ్జిట్ దిగిపోండి. చెక్ ఇంజన్ లైటు టప్పటప్పా ఆరి వెలుగుతుంటే ఇంజన్ బాగా మిస్ అవుతోందని అర్థం. అలాగే లాక్కుపోతే సైలెన్సర్‌లోని క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా పాడవుతుంది. సురక్షితమైన చోట ఆపి టోయింగ్ పిలవండి.

నడుస్తూ నడుస్తూ ఇంజన్ ఆగిపోతే కంగారుపడొద్దు. స్టీరింగ్ బరువెక్కుతుంది కానీ తిరుగుతుంది. బ్రేకుకి ఒకటి రెండు సార్లు తొక్కేంత సాయం మిగిలి ఉంటుంది. కాబట్టి పదేపదే తొక్కకుండా, ఒకే పట్టున గట్టిగా నొక్కి పక్కకి తెచ్చి ఆపండి. తాళంచెవి తీసేయొద్దు, తీస్తే స్టీరింగ్ లాక్ పడొచ్చు. హజార్డ్ లైట్లు వేయండి. ప్రమాదకరమైన చోట చిక్కుకుంటే ఇక్కడి అత్యవసర నంబరు 112. బండిలో ఎప్పుడూ నీళ్ల సీసాలు, ఫోను చార్జరు ఉండనివ్వండి. జులై మధ్యాహ్నం పిల్లలతో రోడ్డు పక్కన అరగంట గడపడం చిన్న విషయం కాదు.

గొట్టం మార్చాక వచ్చిన శుక్రవారం మా వారు బండి తీశారు. ఈసారి 30వ నంబరు రోడ్డు మీదే, వంద దగ్గర. నేను పక్క సీట్లో బుక్కు తెరిచి కూర్చున్నాను. సాల్మియా దాకా ముల్లు కదల్లేదు. "రాసుకో మరి, ఊగలేదని" అన్నారు. "ఎవరి కాలిదో తప్పు కూడా రాసుకోనా?" అన్నాను. వెనక నుంచి పాప నవ్వింది.

ఆ బుక్కు ఇప్పటికీ డాష్‌బోర్డు అరలోనే ఉంది. మొన్న మా పక్కింటి గోదావరి అక్క తన బండి సిగ్నల్ దగ్గర ఆగిపోతోందని వచ్చింది. ముందు ఒక కొత్త పేజీ తిప్పి, "ఎప్పుడెప్పుడు ఆగుతోందో చెప్పండి అక్కా" అని పెన్ను తీశాను.